రోలు మీద ఇంబోడెన్ వారి గుర్తు

దొరికిందండీ! ఇంబోడెన్ వారి ఊరు దొరికింది! స్విట్జర్లాండులో వాలిస్ అనే కొండ ప్రాంతం ఉంది. అందులో ఒక లోయ. ఆ లోయలో ఒక చర్చి, దాని చుట్టూ గుప్పెడు చెక్క ఇళ్ళు. ఆ ఇళ్ళలో ఒకటి మన నందిగామ మరియమ్మగారి అత్తవారిల్లు! ఆవిడ బావగారు ఇంకా బతికే ఉన్నారు, ఆవుల్ని మేపుకుంటున్నారు, మరదలు కులాసానా అని అడిగారు. అరవై ఏళ్ళకు దగ్గరపడిన మనిషికి అత్తవారిల్లు కొత్తగా దొరకడం ఎక్కడైనా విన్నారా? వినడమేమిటి, వెతికిపెట్టింది నేనే!

సరే, కాస్త ఊపిరి పీల్చుకుని మొదటినుంచీ చెబుతాను.

అది 1965 వేసవి. నందిగామ గ్రంథాలయంలో నేను ఉద్యోగంలో చేరి అప్పటికి కొన్నేళ్ళయింది. పెంకుటిల్లు, పొడుగాటి బల్లలు, గోడ వారగా బీరువాలు, గుమ్మానికి ఎదురుగా నా ఇష్యూ కౌంటరు. పొద్దున పేపరు కోసం వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం నీడ కోసం వచ్చేవాళ్ళు, సాయంత్రం నవలల కోసం వచ్చేవాళ్ళు. మాది జగ్గయ్యపేట, బట్టలుతికే ఇల్లు. మా రెండు వైపులా చుట్టాల్లో పేరు పక్కన బి.ఏ. అని రాసుకున్న మొదటివాణ్ణి నేనే. ఆ పైన లైబ్రరీ సైన్సులో సర్టిఫికెట్టు కూడా ఉంది. మా అమ్మ మాత్రం ఎవరడిగినా "మావాడు నందిగామలో పుస్తకాలు పోకుండా చూసుకుంటాడు" అని చెబుతుంది. అదీ నిజమే లెండి.

మా వృత్తిలో పుస్తకం ఇవ్వడం, తీసుకోవడం సగం పనే. మిగతా సగాన్ని రిఫరెన్స్ అంటాం. ఎవరో ఒక ప్రశ్నతో వస్తారు, దాని జవాబు ఎక్కడ ఉందో మనం వెతికి చేతికివ్వాలి. నాకు మామూలుగా వచ్చే ప్రశ్నలు మిరపతోటకి పట్టిన తెగులేమిటి, పోయిన పరీక్షకి మళ్ళీ దరఖాస్తు ఎక్కడ పెట్టాలి, మద్రాసు వెళ్ళే రైలు ఎక్కడెక్కడ ఆగుతుంది, ఇలాంటివి. వీటికి సర్టిఫికెట్టు కూడా అక్కర్లేదు.

ఆ రోజు ఒక పెద్దావిడ వచ్చింది. తెల్లచీర, మందపాటి కళ్ళద్దాలు. కౌంటరు అంచు చేత్తో తడిమి చూసుకుని నిలబడింది.

"పుస్తకాలిచ్చే బాబువి నువ్వేనా?"

"నేనేనండీ. ఇలా కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు నాయనా. ఒక పేరు అడగడానికొచ్చా. ఇంబోడెన్ అని. అది ఏ ఊరివాళ్ళ ఇంటిపేరో చూసి చెప్పగలవా?"

నేను నోరు తెరిచేలోపే పేపరు వెనకనుంచి కరణంగారి గొంతు లేచింది. ఈయన పని మానేసిన కరణం. రోజూ పేపరంతా చదివి, అది అయిపోయాక పక్కవాళ్ళ సంగతులు చదువుతారు.

"ఏవిటోయ్ బి.ఏ., ఇది గ్రంథాలయమా, పెళ్ళిళ్ళ పేరయ్య అరుగా? ఇంటిపేర్లూ గోత్రాలూ కూడా చూసిపెడుతున్నావా?"

పెద్దావిడ అటు తిరగనైనా తిరగలేదు. "మీ గోత్రం అడగలేదులెండి కరణంగారూ. అది ఊరందరికీ తెలిసిందేగా."

పేపరు మళ్ళీ పైకి లేచింది. ఈవిడ ప్రశ్నకి జవాబు వెతక్క తప్పదని నాకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది.

ఆవిడే మరియమ్మగారు. ఆయిలు ఇంజన్లు బాగుచేసే లేత్ జోసెఫ్ వాళ్ళ అమ్మ. జోసెఫ్ పిల్లికళ్ళు చూసి వాళ్ళ నాన్న ఎవరో దొర అని అందరూ అనుకోవడం నేనూ విన్నాను. ఆ రోజు ఆవిడ నోటితోనే విన్నాను.

"మా ఆయన ఇంజనుతో పాటు వచ్చాడు బాబూ. పెట్టెలో ఇంజను, పెట్టె పక్కన ఆయన. బిగించి వెళ్ళిపోవాలి. ఇంజను ఉండిపోయింది, ఆయనా ఉండిపోయాడు. పెనుగంచిప్రోలు, పరిటాల, ఎక్కడ మిల్లు ఆగితే అక్కడికి సైకిలేసుకుని పోయేవాడు. గుంటూరులో పని చేస్తున్నప్పుడు అక్కడి చర్చిలోనే మా పెళ్ళైంది. జోసెఫ్ చిన్నపిల్లాడప్పుడు ఆయన జ్వరమొచ్చి పోయాడు. ఆయన కాగితాలు కంపెనీవాళ్ళు పట్టుకుపోయారు. యుద్ధంలో ఆ కంపెనీయే పోయింది."

"ఊరిపేరు ఎప్పుడూ చెప్పలేదాండీ?"

"దేశం స్విట్జర్లాండు అని తెలుసు. ఏ ఊరయ్యా నీదంటే 'మా కొండ' అనేవాడు. ఏ కొండ అంటే 'మా కొండే' అనేవాడు. ఆ కొండ ఎక్కడుందో నువ్వు చూసిపెట్టాలి."

"ఇన్నాళ్ళకి ఎందుకండీ?"

"ఆయన పోయాడని వాళ్ళకి తెలియద్దూ? తోడబుట్టినవాళ్ళుంటారు కదా నాయనా."

న్యాయమైన మాటే. ప్రశ్న అదేననుకుని రాసుకున్నాను.

నా బీరువాల్లో స్విట్జర్లాండు గురించి ఉన్నదల్లా ఒక పాత అట్లాసులో అరచెయ్యంత పటం. సెలవు పెట్టి బెజవాడ పెద్ద లైబ్రరీకి వెళ్ళాను. అక్కడి రిఫరెన్స్ అసిస్టెంటుగారు చాలా ఓపికగా ఒక పుస్తకం తీసిచ్చారు. అందులో ఒక సంగతి నన్ను కుర్చీలోంచి లేపినంత పని చేసింది. స్విట్జర్లాండులో ప్రతి కుటుంబానికీ ఒక మూలగ్రామం ఉంటుందట. మనిషి ఎక్కడ పుట్టినా, ఎక్కడ స్థిరపడినా, తాతముత్తాతల నాటి ఆ ఊరే అతని ఊరు. మనం ఎవర్నన్నా కలిస్తే ఇంటిపేరేమిటి, స్వగ్రామం ఏది అంటాం కదా, అచ్చం అదే వాళ్ళకి చట్టం! అయితే పేరుంటే ఊరు దొరికినట్టేననుకున్నాను. బొంబాయిలో వాళ్ళ దేశపు వ్యవహారాలు చూసే ఆఫీసుకి రాశాను. బస్సు దిగి వస్తూ జోసెఫ్ షాపు ముందు ఈలవేసుకుంటూ నడిచాను కూడా.

బొంబాయి జవాబు చదివాక ఈల ఆగిపోయింది. పూర్వం ఆ కొండల్లో మనుషులకి ఇంటిపేర్లు లేవట. ఒక ఊళ్ళో ఒకే పేరు నలుగురికి ఉంటే, ఇల్లు ఎక్కడుందో దాన్నిబట్టి పిలిచేవారట. బోడెన్ అంటే లోయ అడుగున చదునుగా ఉన్న నేల. ఆ చదునులో ఇల్లున్నవాళ్ళు ఇంబోడెన్ వారు. తరాలు గడిచేకొద్దీ అదే ఇంటిపేరుగా స్థిరపడింది. అంతవరకూ బాగుంది. కానీ ఏ లోయకైనా అడుగున కాస్త చదును ఉంటుంది కదా! అందుకని ఒకరికొకరు ఏమీ కాని ఇంబోడెన్లు ఎన్నో లోయల్లో ఉన్నారు. ఆ ఊళ్ళ పేర్లు మాత్రం ఇస్తాం, మీవాడు ఏ ఊరివాడో మేం చెప్పలేం అన్నారు.

ఈ మాట మరియమ్మగారికి ఎలా చెప్పాలా అనుకుంటూ షాపుకి వెళ్ళాను. జోసెఫ్ మోచేతుల దాకా గ్రీజుతో ఒక ఇంజను లోపలినుంచి బయటికొచ్చాడు.

"రండి సార్. మా అమ్మని రెచ్చగొట్టింది మీరేనంటగా? మీకు ఉన్న పుస్తకాలు చాలటంలేదా?"

"అది కాదు జోసెఫ్‌గారూ, ఆవిడే వచ్చి..."

"ఆవిడ మీకు సగమే చెప్పింది." వెనక ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చిల్లకల్లులో మా మావయ్య ఉన్నాడు, ఇన్నయ్య అని. మా అమ్మకి సొంత అన్న. పెళ్ళి గుంటూరులో అయింది కదా, ఆయన చూడలేదు. సాక్షులు పోయారు. అక్కడి చర్చి రిజిస్టరు చెదలు తినేసింది. ఆయనంటాడూ, 'ఏ దొరైనా పెళ్ళాన్ని అక్కడ పెట్టే ఇక్కడికొస్తాడు, మా చెల్లెలు కట్టుకున్నది కాదు, ఉంచుకున్నది' అని. వాళ్ళింట్లో ఇన్ని పెళ్ళిళ్ళయినయ్, ఒక్కదానికీ మా అమ్మని పిలవలేదు. ఆమె వాళ్ళ గడపా తొక్కలేదు."

చేతిలో ఉన్న బొంబాయి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఎవరితోనూ అనదుగానీ, మా అమ్మక్కూడా లోపల అదే భయం సార్. అక్కడ ఇంకొకామె ఉందేమోనని. కళ్ళు పోయేలోపు తేల్చుకోవాలని పట్టుపట్టింది. మీరు వెతుకుతారు. నిజంగానే ఆ ఇంకొకామె దొరుకుతుంది. అప్పుడేం చేస్తారు? బీరువాలో పెట్టి తాళమేస్తారా?"

ఏం చేయాలో తోచక గోడకి వేలాడదీసిన సామాన్ల వైపు చూస్తూ నిలబడ్డాను. సుత్తులు, ఆకురాళ్ళు, ఉలులు, స్పానర్లు. అప్పుడు కనిపించింది. ప్రతిదాని మీదా ఒక గుర్తు. నిలువుగా ఒక గీత, దాని నెత్తిన ఇంటికప్పులాగా రెండు ఏటవాలు గీతలు.

"ఈ గుర్తేమిటి?"

"బాణం గుర్తా? నాన్న పెట్టాడు. ఎటు పట్టుకోవాలో చూపించడానికేమో. నేను చేసినవాటి మీద నేనూ కొడతా, అలవాటు."

"కొన్నిటికి కింద ఇంకో అడ్డగీత ఉందే?"

"ఉంటది. అది సైజు నంబరు అనుకుంటా. పెద్ద పట్టింపేం లేదు."

ఆయనకి పట్టింపు లేదు. నాకు మాత్రం ఉంది. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

ఊరందరి బట్టలూ ఒకే రేవులో ఆరతాయి. ఏవి ఎవరివో తెలియాలి కదా. నల్లజీడి గింజని సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట మూలన చిన్న గుర్తు పెడతాం. ఎన్ని ఉతుకులైనా పోదు. ఇంటికి ఒక గుర్తు. మనిషికి కాదు, ఇంటికి! తండ్రికీ, పెళ్ళికాని కొడుక్కీ ఒకటే. కొడుకు పెళ్ళి చేసుకుని వేరే కాపురం పెట్టాడనుకోండి, కొత్త గుర్తు కనిపెట్టం. తండ్రి గుర్తే పెట్టి, దాని పక్కన ఒక చుక్క చేరుస్తాం. నడక రాని రోజుల నుంచీ ఆ మూటల మధ్య పెరిగినవాణ్ణి. నాకు అక్షరాలకంటే ముందు వచ్చిన చదువు అది.

"జోసెఫ్‌గారూ, అడ్డగీత ఉన్నవి ఒక పక్క పెట్టండి, లేనివి ఒక పక్క పెట్టండి."

"సార్, పని ఉంది నాకు."

"ఒక్కసారి పెట్టండి. కాదనకండి."

గొణుక్కుంటూనే పెట్టాడు. అడ్డగీత లేనివన్నీ సీమ సామాన్లు, ఇంజనుతో పాటు ఆయన వెంట వచ్చినవి. అడ్డగీత ఉన్నవన్నీ ఇక్కడ చేసినవి. పిడులు తుమ్మకర్రవి, ఇనుము మన కమ్మరి కొట్టినది. ఒక్కటీ అటుది ఇటు కలవలేదు. జోసెఫ్ మొహంలో చిరాకు పోయి ఇంకేదో వచ్చింది. ఈలోగా అతని భార్య సలోమి మజ్జిగ పట్టుకొచ్చి, ఆ వరసలు చూసి, "ఇది మా ఇంటి రోలు మీద కూడా ఉందండీ, గుమ్మం మీదా ఉంది" అంది.

అందరం వెనక్కి పరుగెత్తాం. గుమ్మం పైకమ్మీ మీద, అడ్డగీతతో సహా, అదే గుర్తు. రోలు అంచున అదే గుర్తు. మరియమ్మగారు రోలు పక్కనే కూర్చుని పప్పు ఏరుతున్నారు.

"అమ్మా, ఈ రోలు ఎప్పటిది?"

"కాపురం పెట్టిన రోజుదిరా. జగ్గయ్యపేట సంతలో బేరమాడి కొన్నా. ఇంట్లోకి దింపానో లేదో ఉలి పట్టుకుని దాని మీద చెక్కడం మొదలెట్టాడు. ఇదేంటయ్యా అంటే 'ఇల్లు' అన్నాడు. ఇల్లేంటి, రోలు కదా ఇదీ అన్నా. నవ్వాడు. తెలుగు సరిగ్గా రాదుగా, తప్పు చెప్పాడనుకున్నా."

"తప్పు చెప్పలేదండీ," అన్నాను. మా బట్టల గుర్తుల సంగతంతా చెప్పాను. అడ్డగీత అంటే వేరు కాపురం అయ్యుంటుందని, దొర తన సొంతిల్లు ఇదేనని రాతి మీద చెక్కిపెట్టాడని, ఆ కొండల్లో ఇంకా ఈ అలవాటు ఉంటే ఈ గుర్తుని బట్టే ఊరు పట్టుకోవచ్చని చెప్పాను.

సలోమి చప్పట్లు కొట్టినంత పని చేసింది. జోసెఫ్ మాత్రం కదల్లేదు.

"అడ్డగీత అంటే రెండో కాపురమని ఎందుక్కాకూడదు సార్?"

నా సంబరంలో నాకు ఆ ఆలోచనే రాలేదు. మొదటిది అక్కడ, రెండోది ఇక్కడ. అలాగైతే ఇన్నయ్యగారి మాటే నిజమవుతుంది, అదీ ఆయన చేత్తోనే రాతిమీద చెక్కి. జోసెఫ్ తల్లివైపు చూశాడు. "వద్దమ్మా. ఇంతటితో వదిలెయ్. ఇల్లు అన్నాడుగా, చాలదా?"

మరియమ్మగారు చాటలో పప్పు ఒకసారి ఎగరేసి దింపారు.

"చాలదురా. పంపించు బాబూ. ఏదైతే అదవుద్ది."

గుర్తుల మీద కాగితం పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దితే అచ్చు దిగుతుంది. రెండు రకాలూ అలా దింపాను. బొంబాయివాళ్ళు పేర్లిచ్చిన ఊళ్ళన్నిటికీ, ఊరికొక కవరు చొప్పున, 'ఈ ఊరి బడిపంతులుగారికి' అని రాసి పంపాను. మునసబు లాంటివాడికి రాస్తే ఫైల్లో పెడతాడు, పంతులైతే తప్పకుండా చదువుతాడని నా నమ్మకం. కౌంటరు మీద పెట్టుకుని ఈ పెన్సిలు రుద్దుడు చేస్తుంటే కరణంగారికి పండగే.

"ఎంత చదివి ఏం లాభమోయ్, చివరికి మళ్ళీ చాకిరేవు గుర్తుల దగ్గరికే వచ్చావు!"

"వచ్చానండీ. మీ ఉత్తరీయం మూల ఒకసారి చూసుకోండి. మావాళ్ళు పెట్టిన ఆ చుక్కలే లేకపోతే మీరు కప్పుకున్నది మీదో, మీ వియ్యంకుడిదో ఎవరు చెప్తారు?"

ఆయన నిజంగానే మూల తిప్పి చూసుకున్నారు. లైబ్రరీలో నిశ్శబ్దం పాటించాలి అని నేనే రాసి పెట్టిన అట్ట కింద అందరం పడీపడీ నవ్వాం.

జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. మా గుర్తు కాదు. మా ఊళ్ళో ఇలాంటివి ఉండేవి, ఇప్పుడెవరికీ తెలియదు. విచారిస్తున్నాం. ప్రతి జవాబుకీ మరియమ్మగారు వచ్చేవారు, విని, "సరే నాయనా" అని వెళ్ళేవారు. రానురాను సలోమి చెయ్యి పట్టుకుని రావలసి వచ్చింది. అట్లాసులో ఆ అరచెయ్యంత పటాన్ని చూడ్డం నేను మానేశాను.

మొన్న పోస్టుమాన్ కేకేసి మరీ చెప్పాడు, సీమనుంచి పార్శిలొచ్చిందని. మూరెడు పొడుగు, గట్టిగా చుట్టిన గుడ్డ. లైబ్రరీలో విప్పే ధైర్యం లేక, కౌంటరు కరణంగారికి అప్పజెప్పి (ఇంకెవరూ లేరు మరి) షాపుకి పరుగెత్తాను. పని ఆపేశారు. మరియమ్మగారిని బల్ల దగ్గర కూర్చోబెట్టారు. జోసెఫ్ కత్తెర తీసుకుని కుట్టు ఎక్కడుందా అని వెతుకుతుంటే సలోమి లాక్కుని కత్తిరించింది.

లోపల ఒక కర్ర ఉంది. తెల్లగా, కొత్తగా చెక్కిన కర్ర. ఒక కొసన దారం కట్టుకోవడానికి బెజ్జం, మధ్యలో ఏదో చెక్కిన గాడి. ఎవరం మాట్లాడకముందే మరియమ్మగారు చెయ్యి చాచారు. ఆవిడకి అది కనపడేది కాదు. బొటనవేలు పెట్టి నెమ్మదిగా తడిమారు. ఇన్నేళ్ళుగా రోలు కడిగిన చెయ్యి అది, ఆ గుర్తు ఆ వేలికి తెలుసు. నిలువు గీత. పైన కప్పు, ఒక పక్క, రెండో పక్క. వేలు కిందికి జారి ఆగింది.

"గీత ఉంది," అన్నారు. "ఒక్కటే ఉంది."

పంతులుగారు బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషులో రాసిన ఉత్తరం నేను గట్టిగా చదివి తెలుగులో చెప్పాను. వాళ్ళ లోయలో వర్షాలు తక్కువట. కొండమీది నుంచి కాలవ తవ్వుకుని నీళ్ళు వంతులవారీగా పెట్టుకుంటారట. ఎవరి వంతు ఎప్పుడో చెప్పడానికి ఇంటికొక కర్ర, దాని మీద ఇంటి గుర్తు, అన్నీ ఒకే తాడుకి గుచ్చి ఉంచుతారట. కొడుకు పెళ్ళి చేసుకుని పొయ్యి వేరుపెడితే తండ్రి గుర్తుకి ఒక గీత చేరుస్తారు. పెళ్ళికాకుండా చేర్చడం ఎవరూ చెయ్యరు, ఊరు ఒప్పుకోదు. ఈ ఇంట్లో ఆఖరి కొడుకు భూమి చాలక ఇంజన్ల పని నేర్చుకుని దూరదేశం పోయాడు. పోయేటప్పుడు పట్టుకెళ్ళిన సామాన్ల మీద ఉన్నది తండ్రి గుర్తే, గీత లేకుండా. అంటే ఇక్కడ అతనికి కాపురం లేదు. మొదటి గీత, ఒకే ఒక్క గీత, మీ దేశంలో పెట్టాడు. ఈ పెన్సిలు అచ్చులు చూడగానే వాళ్ళన్నయ్య తమ్ముడి చేతి పని గుర్తుపట్టారు. తర్వాత కత్తి తీసుకుని రెండు కర్రలు చెక్కారు. ఒకటి ఊరి తాడుకి గుచ్చారు. రెండోది ఇది, మరదలికి.

జోసెఫ్ బల్ల మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మరియమ్మగారు ఏడవలేదు. ఆ తల మీద చెయ్యి వేసి, "చూశావా, తెలుగు సరిగ్గానే చెప్పాడు" అన్నారు.

ఉత్తరం చివర ఇంకో వాక్యం ఉంది. జోసెఫ్‌కి పెళ్ళయిందా, అయితే అతను తన గుర్తుకి రెండో గీత చేర్చుకున్నాడా అని. సలోమి నడుముకి చేతులు పెట్టుకుంది.

"పెళ్ళై ఇన్నేళ్ళయింది, ముగ్గురు పిల్లలు. ఇప్పటికీ వాళ్ళ నాన్న గుర్తే కొడుతున్నాడు. నా గీత ఏదీ అని అడుగుతున్నారండీ వాళ్ళ పెదనాన్నగారు!"

ఆ సాయంత్రమే గుమ్మం మీద సలోమి గీత చెక్కుడు జరిగింది. కొంచెం వంకరొచ్చింది. బాగుంది.

ఈ ఉద్యోగం చెయ్యాలనుకునే కుర్రవాళ్ళకి నేను నేర్చుకున్నది చెబుతాను. మా పాఠాల్లో రిఫరెన్స్ ఇంటర్వ్యూ అని ఒకటి ఉంటుంది. పుస్తకం వెతకడానికి లేచే ముందు మనిషితో కాసేపు మాట్లాడి అసలు ఏం కావాలో తెలుసుకోవడం. పరీక్షలో దానికి మంచి మార్కులే వచ్చాయి నాకు. కానీ మరియమ్మగారు అడిగింది ఇంటిపేరు ఎక్కడిదని, ఆవిడకి కావలసింది ఆ ఇంటిపేరు తనదా కాదా అని. ఈ రెండో ప్రశ్న ఆవిడ ఎప్పుడూ పైకి అనలేదు. జోసెఫ్ కోపంతో నోరు జారకపోతే నేను ఊరి పేరు ఒకటి కాగితం మీద రాసిచ్చి, పని అయిపోయిందనుకునేవాణ్ణి. ఇంకోటి కూడా ఉంది. మనకు తెలిసినదంతా బీరువాల్లోనే ఉండనక్కర్లేదు. కౌంటరు దగ్గర కూర్చునేటప్పుడు పుట్టిన ఇల్లు గుమ్మం బయట వదిలి రావద్దు. నేను వదల్లేదు, అందుకే ఇవాళ ఇంత పొగరుగా రాస్తున్నాను.

ఇదంతా పోస్టాఫీసు వరండాలో కూర్చుని రాస్తున్నాను. ట్రంక్ కాల్ చెప్పి లైను కోసం ఎదురుచూస్తుంటే ఒక గ్రంథమే రాయొచ్చు. ఇంకా ఫోను చేయవలసినవాళ్ళున్నారు. బెజవాడ లైబ్రరీ అసిస్టెంటుగారికి చెయ్యాలి, ఆ పుస్తకం తీసివ్వకపోతే ఏమీ లేదు. బొంబాయిలో "మేం చెప్పలేం" అన్న ఆఫీసరుగారికి చెయ్యాలి, చాలా మర్యాదగా. పెనుగంచిప్రోలు రైసుమిల్లుకి చెయ్యాలి, దొర బిగించిన ఇంజను అక్కడింకా తిరుగుతోంది, దాని మీద గుర్తుందో లేదో చూడమని. జగ్గయ్యపేటలో మా వీధి పత్తికొట్టుకి చేసి అమ్మని పిలిపించాలి, ఏడుస్తుంది, డబ్బులు దండగ అని తిడుతుంది, మళ్ళీ మొదటినుంచీ చెప్పమంటుంది.

అన్నిటికంటే ముందు మాత్రం చిల్లకల్లు. హైవే మీద పెట్రోలు బంకుకి పి.పి. కాల్ చెప్పాం. అంటే ఊరికే ఎవరో ఎత్తితే కుదరదు, మనం పేరిచ్చిన మనిషే వచ్చి నిలబడితే గానీ లైను కలపరు. ఇచ్చిన పేరు ఇన్నయ్యగారిది. ఈ కాల్ నేను మాట్లాడటంలేదు. మరియమ్మగారు నా పక్క బల్ల మీద, ఒళ్ళో ఆ కర్ర పెట్టుకుని కూర్చున్నారు. జన్మలో ఫోను పట్టుకోలేదు, ఎటు చెవిలో పెట్టుకోవాలో ఇందాకే నేర్పాను.

"ఏం చెప్తారండీ ఆయనకి?"

"ఏముంది బాబూ. ఫోనెత్తగానే ఎవరూ అంటాడుగా. ఇంబోడెన్ మరియమ్మని అంటా."